గాయానికి జవాబుదారు ఎవరు?

2014 జూన్ 8, ఆదివారం సాయంత్రం. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లా థలౌట్ దగ్గర ఆగారు. ఫొటోలు దిగుదామని బియాస్ నదిలోని బండరాళ్ల మీదికి వెళ్లారు. ఎగువన లార్జి జలవిద్యుత్ కేంద్రం నుంచి నీళ్లు వదిలారు. కాసేపట్లోనే ప్రవాహం రాళ్లను ముంచేసింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు.

పిల్లలు నదిలోకి ఎందుకు దిగారని కొందరు అడుగుతారు. గేట్లెత్తిన ఉద్యోగిని సస్పెండ్ చేశారా అని ఇంకొందరు అడుగుతారు. హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోలేదు. ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయలు చెల్లించాలని 2016 జనవరిలో తీర్పు చెబుతూ ఆ మొత్తాన్ని మూడు వాటాలు చేసింది. సరైన హెచ్చరిక లేకుండా నీళ్లు వదిలిన రాష్ట్ర విద్యుత్ బోర్డుకు 60 శాతం, విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లి జాగ్రత్త చూసుకోని కాలేజీకి 30 శాతం, నదీ తీరంలో కనీస రక్షణ ఏర్పాట్లు చేయని ప్రభుత్వానికి 10 శాతం. గేటు తిప్పిన చెయ్యి ఎవరిదన్న దానికంటే, ఆ నీటిమీద అదుపు ఎవరిది, ఆ పిల్లల బాగోగులు ఎవరి పూచీ అన్న ప్రశ్నలకే కోర్టు ఎక్కువ బరువు ఇచ్చింది.

ఏ ప్రమాదం జరిగినా మన కళ్లు మొదట దగ్గర్లో ఉన్న మనిషి మీదే పడతాయి. బస్సు బోల్తా పడితే డ్రైవరు, ఆస్పత్రిలో ప్రాణం పోతే నర్సు, కరెంటు తీగ తెగిపడితే లైన్‌మన్, ఫ్యాక్టరీలో పేలుడు జరిగితే ఆ షిఫ్టు సూపర్‌వైజర్. పోలీసు కేసు చాలాసార్లు అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది. నష్టపరిహారం చట్టం అలా ఆగిపోకూడదు. ఆ ప్రమాదాన్ని ఆపగల స్థితిలో ఉన్నది ఎవరు, ముప్పు ఉందని తెలిసింది ఎవరికి, ఆ పని వల్ల లాభం పొందుతున్నది ఎవరు అని అది పైమెట్టు దాకా వెళ్లి అడగాలి. గత నూరేళ్లలో న్యాయస్థానాలు మొత్తమ్మీద ఆ దిశగానే నడిచాయి. నడవాల్సిన దూరం మాత్రం ఇంకా ఉంది, ప్రభుత్వ సంస్థల విషయంలో మరీ ఎక్కువగా.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. నేరం వేరు, పరిహార బాధ్యత వేరు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి ఇదివరకు ఐపీసీ 304-ఏ ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ వచ్చింది. అక్కడ సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. పరిహారం కేసులో అంత కఠినమైన రుజువు అక్కర్లేదు. రెండు పక్షాలు చెప్పినదాంట్లో ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తే చాలు. అందుకే క్రిమినల్ కోర్టు డ్రైవర్ని నిర్దోషిగా వదిలేసినా క్లెయిమ్ కేసు పడిపోదు. ఈ తేడా తెలియక 'కేసు కొట్టేశారట' అని వినగానే పరిహారం మీద ఆశ వదులుకునే కుటుంబాలు ఉన్నాయి.

నిర్లక్ష్యం కింద బాధ్యత తేల్చాలంటే కోర్టు మూడు సంగతులు చూస్తుంది. ఎదుటివాడి పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన విధి ఉందా, ఆ విధి తప్పారా, ఆ తప్పువల్లే గాయం అయిందా. ఈ విధి ఎంత దూరం వర్తిస్తుందన్నది 1932లో బ్రిటన్‌లో తేలింది. స్కాట్లండ్‌లోని పైస్లీలో ఒక స్నేహితురాలు కొనిచ్చిన అల్లం పానీయం సీసాలో నత్త అవశేషాలు కనిపించాయని, దానివల్ల జబ్బుపడ్డానని ఒక మహిళ దావా వేసింది. సీసా కొన్నది ఆమె కాదు కాబట్టి ఎవరితోనూ ఆమెకు ఒప్పందం లేదు. అయినా తయారీదారు తన సరుకు చివరికి తాగే మనిషి పట్ల జాగ్రత్త వహించాలని హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువుల బాధ్యతకు ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించింది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఇలాంటి చోట డిజైన్‌లో లోపమా, తయారీలో లోపమా, ఛార్జింగ్ గురించి సరైన సూచనలు ఇవ్వలేదా అన్నవే ఆ అధ్యాయం అడిగే ప్రశ్నలు. కొన్నవాడు రాత్రంతా ఛార్జింగ్ పెట్టాడన్న ఒక్క మాటతో కంపెనీ తప్పించుకోవడం అంత తేలిక కాదు.

ఇక రోడ్డు. గాయానికి బాధ్యుడెవరన్న ప్రశ్న మామూలు మనిషికి ఎక్కువగా ఎదురయ్యేది ఇక్కడే. ఊరి పొలిమేరలో బైకును లారీ గుద్దింది అనుకుందాం. పది నిమిషాల్లో జనం మూగుతారు. లారీ యజమాని మనిషి ఫోన్ చేస్తాడు. 'కేసు ఎందుకన్నా, కోర్టుల చుట్టూ తిరగాలి. ఆస్పత్రి ఖర్చు మేం చూసుకుంటాం' అంటాడు. పెద్దమనుషులు కూడా ఏదో ఒకటి సర్దుబాటు చేసుకోమంటారు. చేతిలో పడ్డ యాభై వేలు మొదటి ఆపరేషన్‌కే సరిపోవు. అప్పటికి బండి రోడ్డు మీద ఉండదు, ఎఫ్ఐఆర్ ఉండదు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ నివేదిక ఉండదు. బాధ్యత తేల్చడానికి కావలసిన కాగితాలన్నీ ఆ రాజీతో పోతాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం క్లెయిమ్ పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో వేయాలి. మంచాన పడ్డ మనిషికి ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైతే బీమా కంపెనీ దాన్నే అస్త్రం చేసుకుంటుంది, ఆ బండి అసలు ప్రమాదంలోనే లేదు, తర్వాత తెచ్చి ఇరికించారు అంటుంది. కుటుంబం ముందు ప్రాణం కాపాడుకోవడానికే పరిగెడుతుందని, ఆ ఒక్క ఆలస్యాన్ని పట్టుకుని క్లెయిమ్ కొట్టేయడం తగదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అయినా ఆ వాదన ట్రిబ్యునళ్లలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

లారీ నడిపింది డ్రైవరు. డబ్బు కట్టాల్సింది మాత్రం యజమాని. పనివాడు పనిమీద ఉండగా చేసిన తప్పుకు యజమాని పూచీ పడాలన్నది పాత సూత్రమే. యజమాని ఎవరన్న దగ్గరే చిక్కంతా వస్తుంది. మన ఊళ్లలో బండి అమ్మేటప్పుడు డబ్బు తీసుకుని, ఫారాల మీద సంతకాలు పెట్టి, తాళాలు ఇచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. కొన్నవాడు ఆర్సీ మార్పించుకోడు. వాడు ఇంకొకరికి అమ్ముతాడు, ఆ ఇంకొకరు మరొకరికి. 2018లో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కారు ఒకటి వచ్చింది. చేతులు చాలా మారినా ఆర్సీలో మొదటి యజమాని పేరే ఉంది. రికార్డులో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని, గాయపడ్డవాళ్లు అసలు కొన్నదెవరో వెతుక్కుంటూ తిరగక్కర్లేదు అని కోర్టు తేల్చింది. తీర్పు కఠినంగా కనిపిస్తుంది కానీ సరైనదే. గాయపడ్డ మనిషికి పట్టుకోవడానికి ఒక కచ్చితమైన పేరు కావాలి.

ఆర్టీసీ అద్దె బస్సుల విషయంలో కూడా సుప్రీంకోర్టు ఈ తీరులోనే ఆలోచించింది. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో 2011లో అది చెప్పింది ఇదీ: బస్సు ప్రైవేటు వ్యక్తిదైనా, సంస్థ దాన్ని అద్దెకు తీసుకుని తన రూటులో, తన అదుపులో తిప్పుతుంటే సంస్థే యజమాని కింద లెక్క. బస్సుకున్న బీమా కూడా దానితోపాటే బదిలీ అయినట్టు భావించాలి. ప్రయాణికుడు టికెట్ తీసుకునేది ఆర్టీసీ పేరు చూసి. ఆ బస్సు సంస్థదా, అద్దెదా అని ఆరా తీయడు.

బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే యజమాని భారం బీమా కంపెనీ మోస్తుంది. డ్రైవరుకు సరైన లైసెన్స్ లేదనో, పాలసీ షరతు తప్పారనో కంపెనీ తప్పించుకోబోతే, ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోండి అని సుప్రీంకోర్టు 2004లో బాట వేసింది. లైట్ మోటార్ వెహికిల్ లైసెన్స్‌తో 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చా అన్న వివాదం ఏళ్ల తరబడి నలిగి, 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం ముందు తేలింది. నడపవచ్చు. ఆటోలు, చిన్న గూడ్స్ బళ్లు నడిపేవాళ్లకూ, వాటి కింద పడ్డవాళ్లకూ ఆ ఒక్క జవాబు ఎంతో ఊరట. ఇన్సూరెన్స్ అసలే లేని బండి గుద్దితేనే గడ్డు పరిస్థితి. గుద్ది ఆగకుండా పోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. ఒక కాలు పోయిన కుటుంబానికి ఆ 50 వేలు ఏ మూలకు?

గాయపడ్డవాడి తప్పు కూడా ఉంటే? అప్పుడు ట్రిబ్యునల్ శాతాలు వేస్తుంది, ఆ మేరకు పరిహారం కోస్తుంది. బీమా కంపెనీల లాయర్లు ఈ వాదనను ఎక్కడపడితే అక్కడ వాడతారు. 2020లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో ఒక బైకు మీద ముగ్గురు వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. ముగ్గురెక్కారు కాబట్టి తప్పు వాళ్లదీ ఉందని హైకోర్టు పరిహారంలో కోత పెట్టింది. సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్దింది. ముగ్గురెక్కడం చట్టాన్ని మీరడమే, దానికి జరిమానా వేరే ఉంది. కానీ ముగ్గురు ఉన్నందువల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదయిందనో చూపకుండా డబ్బు కోయడానికి వీల్లేదు అంది. నియమం తప్పడం ఒకటి, ఆ తప్పువల్లే గాయం కావడం వేరొకటి. హెల్మెట్ పెట్టుకోని మనిషి కాలు విరిగినా పరిహారం కోయాలని అడిగేవారికి ఈ తీర్పు వినిపించాలి.

జాతీయ రహదారి మీద రాత్రిపూట లైట్లు లేకుండా, వెనక రాళ్లో కొమ్మలో కూడా పెట్టకుండా నిలిపేసిన లారీ మరో పెద్ద ముప్పు. కారు దాని వెనక్కి దూసుకుపోతే, ముందు చూసుకోకుండా నడిపింది కారు డ్రైవరే కదా అన్నది తేలిగ్గా వచ్చే వాదన. అలాంటి కేసులో సుప్రీంకోర్టు 2024లో రెండు మాటలు చెప్పింది. రోడ్డు మధ్య హెచ్చరిక లేకుండా బండి వదిలేసినవాళ్లదే తప్పు అన్నది మొదటిది. ఒకవేళ కారు డ్రైవరుది కూడా కొంత పొరపాటు ఉన్నా దాన్ని అందులో కూర్చున్న ప్రయాణికుల నెత్తిన రుద్దకూడదన్నది రెండోది. రెండు బళ్ల తప్పుతో మూడో మనిషి గాయపడితే అతను ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం డబ్బు వసూలు చేసుకోవచ్చని 2015 నుంచే స్పష్టంగా ఉంది. వాటాలు ఆ ఇద్దరూ తర్వాత తేల్చుకోవాలి.

ఇక మైనరుకు బండి ఇచ్చే తల్లిదండ్రుల సంగతి. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ తర్వాత పదహారేళ్ల కొడుకు బైకుతో ఎవరినైనా గుద్దితే సంరక్షకుడు గానీ, బండి యజమాని గానీ దోషి అవుతాడు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. తనకు తెలియకుండా తీసుకెళ్లాడని నిరూపించుకునే భారం పెద్దవాళ్లదే. ప్రమాదాన్ని ఆపగలిగే చెయ్యి ఎవరిదో వెతికి అక్కడ బాధ్యత పెట్టడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ మన చట్టంలో తక్కువ.

బాధ్యుడు తేలాక ఎంత అన్నది ప్రత్యేక శాస్త్రం. అందులో ఒక్క సంగతి చెప్పక తప్పదు. 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఎడమ చెయ్యి పోయిన మనిషి ఉదాహరణ తీసుకుంది. డాక్టరు సర్టిఫికెట్‌లో వైకల్యం దాదాపు 60 శాతం అని ఉంటుంది. అతను డ్రైవరో, వడ్రంగో అయితే బతుకుదెరువు మొత్తం పోయినట్టే. ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు. కాబట్టి శరీరం కోల్పోయిన శాతం కాకుండా సంపాదన కోల్పోయిన శాతం చూడాలి. నెలకు 15 వేలు సంపాదించే 28 ఏళ్ల తాపీ మేస్త్రీ సంపాదన సగానికి పడిపోతే లెక్క ఇలా ఉంటుంది: ఏడాదికి లక్షా 80 వేలు, ఆ వయసుకు గుణకం 17, మొత్తంలో సగం 15 లక్షల 30 వేలు. వైద్యం ఖర్చు, బాధకు ఇచ్చేది, ముందుముందు పెరిగే సంపాదన దీనికి అదనం. జీతం చీటీ లేని కూలీలకు కూడా కోర్టులు ఒక మోతాదు ఆదాయం ఊహించి లెక్క కడుతున్నాయి. ఇంటి పని చేసే ఆడవాళ్ల శ్రమకు విలువ కట్టాల్సిందేనని 2021లో ఒక కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పు ఈ విషయంలో చదవదగ్గది.

ఆస్పత్రి కేసులు ఇంకా క్లిష్టం. రోగి స్పృహలో ఉండడు, రికార్డు ఆస్పత్రి చేతిలో ఉంటుంది, తప్పు జరిగిందని చెప్పాల్సింది మరో డాక్టరు. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక దారి కొంత తెరుచుకుంది. 2002లో హైదరాబాద్‌లో మలేరియా శాఖలో పనిచేసే ఒక అధికారి, చలిజ్వరంతో ఉన్న భార్యను ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించారు. అక్కడ మలేరియాకు కాకుండా టైఫాయిడ్‌కు మందులు ఇచ్చారు. పరిస్థితి విషమించాక మరో ఆస్పత్రికి తరలించారు, ఆమె బతకలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షలు ఇవ్వమంటే, నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే బలపరచింది. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడు వచ్చి చెప్పాలని పట్టుబడితే సామాన్యుడికి ఆ తలుపు మూసేసినట్టేనని, తప్పు దానంతటదే కళ్లకు కనిపించే కేసుల్లో ఆ అవసరం లేదని చెప్పింది. రెండు లక్షల కోసం ఎనిమిదేళ్లు కొట్లాడిన ఆ మనిషి వల్ల తర్వాతి రోగుల కుటుంబాలకు ఒక దారి ఏర్పడింది.

హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రిలో 1990లో ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో కణితి కోసం జరిగిన శస్త్రచికిత్స మరో మలుపు. వెన్నెముకను ఆనుకుని ఉన్న కణితి అది. న్యూరోసర్జన్ లేకుండానే తీశారు. విద్యార్థి అనుమతి ఇచ్చింది పరీక్ష కోసం ముక్క తీయడానికి. లేచేసరికి నడుము కింది భాగం పనిచేయలేదు. జాతీయ కమిషన్ 15 లక్షల చిల్లర ఇవ్వమంటే సుప్రీంకోర్టు 2009లో దాన్ని కోటి రూపాయలకు పెంచింది. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తనే వాదించుకున్నాడు ఆ యువకుడు. ఇక్కడ బాధ్యత కత్తి పట్టిన సర్జన్ ఒక్కడి దగ్గర ఆగలేదు, సంస్థ మీద కూడా పడింది. ఏ డాక్టరు ఏం చేశాడో రోగి వేలుపెట్టి చూపించలేకపోయినా, సరైన వైద్యం చేశామని రుజువు చేయాల్సింది ఆస్పత్రేనని 2004లో మరో కేసులో కూడా చెప్పారు. డాక్టరును జైలుకు పంపాలంటే మాత్రం నిర్లక్ష్యం చాలా దారుణమై ఉండాలని 2005 నాటి తీర్పు ఒక కంచె కట్టింది. ఆ కంచె ఉండాల్సిందే. కత్తి పట్టిన ప్రతిసారీ జైలు భయం వెంటాడితే ప్రమాదకరమైన ఆపరేషన్లు ఎవరూ చేయరు.

తప్పు ఎవరిదో వెతకనక్కర్లేని చోట్లు కూడా ఉన్నాయి. 1997లో మధ్యప్రదేశ్‌లో ఒక కార్మికుడు రాత్రి వానలో సైకిల్ మీద ఇంటికి వెళ్తూ, రోడ్డు మీద నిలిచిన నీళ్లలో తెగిపడిన కరెంటు తీగకు తగిలి చనిపోయాడు. ఎవరో కొక్కెం వేసి కరెంటు దొంగిలించారు, దానివల్లే తీగ తెగింది, మా తప్పేముందని విద్యుత్ బోర్డు వాదించింది. ప్రాణాంతకమైన సరఫరాను నడిపేది మీరు, తీగ తెగిన మరుక్షణం అందులో కరెంటు ఆగేలా చూడాల్సింది కూడా మీరే అని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. ఈ సూత్రానికి మూలం 1868లో ఇంగ్లండ్‌లో ఒక గనిలోకి జలాశయం నీళ్లు చొరబడ్డ కేసు. ఆ పాత సూత్రంలో తప్పించుకునే సందులు చాలా ఉండేవి. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకయ్యాక, ఎం.సి. మెహతా వేసిన కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం 1986 డిసెంబరు 20న ఆ సందులన్నీ మూసేసింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపి లాభం తీసుకునేవాడు, దానివల్ల జరిగే హానికి ఏ మినహాయింపూ లేకుండా జవాబు చెప్పాలి. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలి. అప్పటికి భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగి రెండేళ్లే. భోపాల్ బాధితులకు మాత్రం ఈ సూత్రం అక్కరకు రాలేదు. 1989లో 47 కోట్ల డాలర్ల రాజీతో ఆ కేసు ముగిసింది. ఆ మొత్తాన్ని పెంచాలన్న పిటిషన్‌ను 2023లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం మీద ఎల్జీ పాలిమర్స్ నుంచి వచ్చిన స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొంది. మరుసటి రోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చేయమని ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి చొప్పున ప్రకటించింది. కోటి చిన్న మొత్తం కాదు, ఆ కుటుంబాలకు తక్షణం అవసరమైనదే. అయితే ఎక్స్‌గ్రేషియా ఇచ్చేవాడు తప్పు ఒప్పుకోడు. ట్యాంకులో ఉష్ణోగ్రత ఎందుకు పెరిగింది, ఎవరు చూడలేదు అన్న ప్రశ్నకు ఆ చెక్కు జవాబు కాదు. బతికి బయటపడ్డవాళ్ల ఊపిరితిత్తులకు, కళ్లకు వచ్చే ఇబ్బందులు ఎన్నేళ్లు ఉంటాయో, వాటి వైద్యం ఖర్చు ఎవరిదో అందులో రాసి ఉండదు. 2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీ పేలుడు తర్వాత కూడా మొదట వినిపించింది కోటి రూపాయల ప్రకటనే. అక్కడ పనిచేసిన చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు గాయపడితే అసలు యజమాని పరిహారం కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలన్నది 1923 నాటి కార్మిక పరిహార చట్టం నుంచీ ఉన్న నియమం. ఒడిశా నుంచో, బిహార్ నుంచో వచ్చిన కుటుంబానికి ఆ సంగతి వాళ్ల భాషలో ఎవరు చెబుతారు? ప్రమాదం జరిగిన వెంటనే కలెక్టరేట్‌లో తెరిచే సహాయ కేంద్రాల్లో లాయరు కూడా ఒకరు కూర్చోవాలి.

ప్రభుత్వమే బాధ్యురాలైతే? పాత కాలం నుంచి వచ్చిన అడ్డంకి ఒకటుంది. 1861లో తీర్పు వచ్చిన ఒక కేసులో, కలకత్తా కిద్దిర్‌పూర్ డాక్‌యార్డులో పనివాళ్లు మోస్తున్న బరువైన ఇనుప సామాను కింద పడి, ఆ చప్పుడుకు బండి గుర్రం బెదిరి గాయపడింది. వ్యాపారం లాంటి పనుల్లో సర్కారు బాధ్యత వహించాలి, సార్వభౌమ అధికారంతో చేసే పనుల్లో అక్కర్లేదు అన్న విభజన ఆ కేసులో పుట్టింది. ఆ విభజన వందేళ్లు దాటాక కూడా 1964లో, పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారంతో హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్ పారిపోతే ప్రభుత్వానికి బాధ్యత లేదనిపించింది. దాన్ని గట్టిగా తోసిపుచ్చిన కేసుల్లో ఒకటి అప్పటి కర్నూలు జిల్లాది. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న తండ్రీకొడుకుల గది మీద అర్ధరాత్రి దాటాక బాంబులు పడ్డాయి. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ప్రాణభయం ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నా కాపలా పెంచలేదు. జైలు నడపడం సార్వభౌమ పని, కాబట్టి బాధ్యత లేదని ప్రభుత్వం వాదించింది. ఖైదీకి కూడా ప్రాణం మీద హక్కు ఉందని, ఆ హక్కు ముందు పాత మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. దెబ్బ తగిలాక 23 ఏళ్లకు.

మున్సిపాలిటీల సంగతికి వస్తే దారి ఒక్క తీరుగా లేదు. ఢిల్లీ చాందినీచౌక్‌లో కార్పొరేషన్‌కు చెందిన గడియార స్తంభం కూలితే 1966లో సుప్రీంకోర్టు కార్పొరేషన్‌నే బాధ్యురాలిని చేసింది. స్తంభం వయసు 80 ఏళ్లు, ఆ సున్నం కట్టుబడి ఆయుష్షు 45 ఏళ్లకు మించదు. రాజ్‌కోట్‌లో ఆఫీసుకు నడిచి వెళ్తున్న ఉద్యోగి మీద రోడ్డు పక్క చెట్టు కూలితే 1997లో అదే కోర్టు మున్సిపాలిటీని వదిలేసింది. ప్రతి చెట్టునూ కనిపెట్టుకుని ఉండాలనడం భరించలేని భారమని అంది. నడిచే మనిషికి స్తంభం, చెట్టు రెండూ కార్పొరేషన్ సంరక్షణలో ఉన్నవే. రెండోది సరైన తీర్పు అని ఒప్పుకోవడం కష్టం. ఢిల్లీ ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో కూడా ఇలాగే జరిగింది. 1997 జూన్ 13న 59 మంది చనిపోయారు. ఢిల్లీ హైకోర్టు థియేటర్ యాజమాన్యంతోపాటు విద్యుత్ బోర్డును, కార్పొరేషన్‌ను, లైసెన్స్ ఇచ్చిన పోలీసులను కూడా బాధ్యులను చేసింది. 2011లో సుప్రీంకోర్టు కార్పొరేషన్‌ను, పోలీసులను తప్పించి, యాజమాన్యానికి 85 శాతం, విద్యుత్ బోర్డుకు 15 శాతం మిగిల్చింది. అదనపు సీట్లతో దారి మూసేసిన హాలుకు లైసెన్స్ పొడిగిస్తూ వచ్చిన చేతులు అలా తప్పించుకున్నాయి.

వీధి కుక్కల విషయంలో ఇప్పుడిప్పుడే గాలి మారుతోంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని కుక్కలు చంపేసిన దృశ్యం సీసీ కెమెరాలో అందరూ చూశారు. అదే ఏడాది నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు ఒక కొలత పెట్టింది. ఒక్కో పంటి గాటుకు కనీసం 10 వేలు, కండ ఊడితే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20 వేలు. ముందు రాష్ట్రం చెల్లించాలి, తర్వాత బాధ్యుల దగ్గర వసూలు చేసుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి స్థిరమైన లెక్క ఉంటే, కరిచిన ప్రతిసారీ బాధితుడు హైకోర్టు గడప తొక్కాల్సిన అవసరం ఉండదు.

రోడ్డు గుంతల మీద బొంబాయి హైకోర్టు 2025 అక్టోబరులో ఇదే దారి పట్టింది. గుంతవల్ల గానీ, తెరిచి వదిలేసిన మ్యాన్‌హోల్ వల్ల గానీ మరణిస్తే 6 లక్షలు, గాయమైతే తీవ్రతను బట్టి 50 వేల నుంచి రెండున్నర లక్షల వరకు. రోడ్డు బాధ్యత ఉన్న సంస్థ ముందు కట్టాలి, తప్పుచేసిన ఇంజనీరు, కాంట్రాక్టరు దగ్గర తర్వాత రాబట్టాలి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేరిన 198-ఏ సెక్షన్ కింద కూడా నాసిరకం రోడ్డు వేసినవారి మీద చర్య తీసుకోవచ్చు. ఆ రోడ్డు వల్ల ప్రాణం పోయినా, మనిషి అవిటివాడైనా కాంట్రాక్టరుకు, సంబంధిత అధికార సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. ఆ జరిమానా మోటారు వాహనాల ప్రమాద నిధిలోకి వెళ్తుంది. గుంతలో పడి వెన్ను విరిగిన మనిషి తన పరిహారం కోసం విడిగా దావా వేసుకోవాలి, ఆ గుంత ఆ రోజు అక్కడ ఉందని రుజువు చేసుకోవాలి. కేసు విచారణకు వచ్చేసరికి ఆ గుంతను పూడ్చేసి ఉంటారు. ప్రమాదం జరిగిన వెంటనే గుంత లోతు, వెడల్పు కొలిచి, ఫొటో తీసి పంచనామాలో రాయడం పోలీసులకు తప్పనిసరి చేస్తే ఆ కేసుల్లో సగం చిక్కు అక్కడే విడిపోతుంది.